చక్రం అరిగితే మిషనే మార్చాలా? ఫ్రాన్స్‌లో గడ్డి మిషన్‌కూ మార్కులు.. మన పాలమూరు రైతుకు 'రిపేర్ హక్కు' ఎప్పుడు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: తాడు లాగితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. బ్లేడు పదునుగానే ఉంది. కానీ మిషన్ ముందుకు కదలదు, కదిలినా ఒక పక్కకు గుంజుతుంది. కారణం? అరిగిపోయిన చక్రం! షాపుకెళ్తే వినిపించే మాట ఒక్కటే.. "ఈ మోడల్ చక్రం విడిగా రాదన్నా, సెట్టు మొత్తం తెప్పించాలి. ఎప్పుడొస్తదో చెప్పలేం".

గడ్డి కోసే లాన్ మోవర్ కావచ్చు, పత్తి సాళ్ల మధ్య తిరిగే పవర్ వీడర్ కావచ్చు.. కథ ఒక్కటే. చిన్న భాగం పాడైతే పెద్ద ఖర్చు. దీని వెనక ఒక పాలసీ సమస్య కూడా ఉంది. కొత్త మిషన్ కొంటే సబ్సిడీ ఇస్తున్న వ్యవస్థ, ఉన్న మిషన్ బాగు చేసుకుంటానంటే చేయి ఇవ్వడం లేదు. చక్రాన్ని ఇంట్లోనే ఎలా బాగు చేసుకోవచ్చు? ఎక్కడ ఆగాలి? ప్రభుత్వాలు ఏం చేయాలి? పూర్తి విశ్లేషణ చూద్దాం.

ముఖ్యాంశాలు

- ఫ్రాన్స్ 2021లోనే గడ్డి కోసే మిషన్లకు 'రిపేర్ మార్కులు' తప్పనిసరి చేసింది.
- మన దేశంలో 2022లో వ్యవసాయ పరికరాలను రిపేర్ హక్కు జాబితాలో పెట్టారు. 2025 నాటికి నివేదిక వచ్చింది మాత్రం మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్‌కే.
- కొత్త వ్యవసాయ మిషన్‌పై జీఎస్టీ 5 శాతం. రిపేర్‌కు కావాల్సిన బేరింగ్‌పై 18 శాతం.
- అరిగిన చక్రాల్లో చాలావాటిని బుష్, బేరింగ్, పాత టైరు ముక్కతో మళ్లీ నడిపించొచ్చు.

మూడు జిల్లాల్లో ఈ మిషన్లు ఎక్కడున్నాయ్?

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత మూడు చోట్లా కొత్త సమీకృత కలెక్టరేట్లు వచ్చాయి. వనపర్తిలో 2022 మార్చిలో, నాగర్‌కర్నూల్, గద్వాలలో 2023 జూన్‌లో వాటిని ప్రారంభించారు. ఆఫీసుల ముందు పచ్చిక, మున్సిపల్ పార్కులు, స్కూలు గ్రౌండ్లు.. పచ్చిక పెంచిన ప్రతిచోటా గడ్డి కోసే మిషన్ అవసరం పడుతుంది.

కానీ అసలు సంఖ్య, అసలు అవసరం పొలాల్లో ఉంది. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తన సాగుకు పేరున్న ప్రాంతం. వనపర్తి అంటే వేరుశనగ గుర్తొస్తుంది. నాగర్‌కర్నూల్ వైపు పత్తి, మొక్కజొన్న. ఈ పంటలన్నిటికీ కామన్ శత్రువు కలుపు. కూలీలు దొరక్క, దొరికినా రేటు గిట్టక రైతులు పవర్ వీడర్ల వైపు, చేత్తో తోసే సైకిల్ గుంటకల వైపు వెళ్తున్నారు.

ఇక్కడే చక్రం అసలు పరీక్ష ఎదుర్కొంటుంది. మన చెల్క నేలల్లో ఇసుక, గరుసు ఎక్కువ. అది ఇరుసుకు, చక్రానికి మధ్య దూరి ఉప్పుకాగితంలా రాపిడి పెడుతుంది. నల్లరేగడిలో ఇంకో బాధ. తడి మట్టి చక్రానికి ముద్దగా అంటుకుని బరువు పెంచుతుంది, ఆ లోడు నేరుగా బేరింగ్ మీద పడుతుంది. ఇంటి ముందు మెత్తటి పచ్చికను లెక్కలో పెట్టుకుని చేసిన ప్లాస్టిక్ చక్రాన్ని గరుసు నేలలో తిప్పితే త్వరగా అరగక ఏమవుతుంది?

చక్రం ఆగితే నష్టం ఎంత?

వానాకాలంలో కలుపు ఎవరి కోసమూ ఆగదు. రెండు వానలు పడి నాలుగు రోజులు తెరిపి ఇచ్చిందంటే ఆ నాలుగు రోజుల్లోనే కలుపు తీయాలి. సరిగ్గా అప్పుడే చక్రం ఊడితే? పార్టు హైదరాబాద్ నుంచో, ఇంకో రాష్ట్రం నుంచో వచ్చేదాకా మిషన్ షెడ్డులో ఉంటుంది. రైతు మాత్రం కూలీలను పెట్టుకోవాలి, లేదంటే ఇంకొకరి మిషన్ కిరాయికి తేవాలి. అంటే నష్టం చక్రం రేటుతో ఆగిపోదు. ఆగిన రోజుల రేటు దానికి కలుస్తుంది.

మిషన్‌ను కిరాయికి తిప్పి బతికే యువకులకైతే ఇది ఇంకా కష్టం. సీజన్‌లో మిషన్ నడిచిన రోజులే వాళ్లకు ఆదాయం. ఒక వారం ఆగితే ఆ నెల ఈఎంఐ కట్టడమే కష్టమైపోతుంది.

అందుకే 'రిపేరా? కొత్తదా?' అనే ప్రశ్నలో పొదుపుతో పాటు పంట కూడా ఉంది.

కేంద్రం ఏం చెప్పింది? ఎక్కడ ఆగింది?

టైమ్‌లైన్ ఒకసారి చూద్దాం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్'పై కమిటీ వేసింది. అప్పట్లో ఆ శాఖ అదనపు కార్యదర్శిగా ఉన్న నిధి ఖరే దానికి నేతృత్వం వహించారు. కమిటీ నాలుగు రంగాలను ఎంచుకుంది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు - ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. గమనించండి.. వ్యవసాయ పరికరాలు మొదటి నుంచీ ఆ లిస్టులో ఉన్నాయి.

అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభమైంది. కంపెనీల రిపేర్ సమాచారం, సర్వీస్ సెంటర్లు, వారంటీ వివరాలు ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం.

తర్వాతి అడుగు 2024 సెప్టెంబర్‌లో పడింది. 'రిపేరబిలిటీ ఇండెక్స్' కోసం ఇంకో కమిటీ వేశారు. ఒక వస్తువును బాగు చేసుకోవడం ఎంత ఈజీనో మార్కుల రూపంలో చెప్పే విధానం ఇది. 2025 మేలో నివేదిక అందింది. విప్పదీయడం ఎంత సులువు, రిపేర్ సమాచారం ఉందా, స్పేర్ పార్ట్స్ సకాలంలో దొరుకుతాయా, ఏ టూల్స్ కావాలి, ఎలాంటి స్క్రూలు వాడారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తారా.. ఈ ఆరు అంశాలపై మార్కులు వేయాలన్నది సారాంశం.

బాగుంది. కానీ ఈ నివేదిక దేని గురించి? మొబైల్, ఎలక్ట్రానిక్స్ గురించి! 2022లో అదే లిస్టులో ఉన్న వ్యవసాయ పరికరాలు ఈ మెట్టు దగ్గర వెనకబడ్డాయి. చేతిలో ఫోన్ పాడైతే గద్వాల బస్టాండ్ దగ్గర గంటలో బాగు చేసే కుర్రాడు దొరుకుతాడు. పొలంలో మిషన్ చక్రం పోతే ఆ సౌకర్యం లేదు. అవసరం ఎక్కువ ఉన్నచోటికే పాలసీ ఆలస్యంగా వస్తోందన్నమాట.

ఫ్రాన్స్ లిస్టులో గడ్డి మిషన్!

ఇక్కడో ఆసక్తికరమైన విషయం. ప్రపంచంలో రిపేర్ మార్కులను తప్పనిసరి చేసిన మొదటి దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి. 2021 జనవరి 1న మొదలుపెట్టింది. తొలి విడతలో ఎంచుకున్న వస్తువులు ఐదే. స్మార్ట్‌ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ, వాషింగ్ మెషిన్.. ఐదోది కరెంటుతో, బ్యాటరీతో నడిచే లాన్ మోవర్!

షాపులో ధర పక్కనే 10కి ఎన్ని మార్కులో కనిపించాలి. ఈ మార్కుల్లో విడి భాగం దొరకడం ఒక అంశమైతే, కొత్త మిషన్ ధరతో పోలిస్తే విడి భాగం ధర ఎంత అన్నది ఇంకో అంశం. మన దగ్గర నివేదికలో చెప్పిన ఆరు అంశాల్లో ధరకు విడిగా చోటు కనిపించదు. పాలమూరు రైతుకు మాత్రం అదే మొదటి ప్రశ్న. పార్టు దొరికినా, మిషన్ రేటులో పెద్ద వాటా దానికే పోతే లాభమేంటి?

అమెరికాలో పోరాటం ఏకంగా ట్రాక్టర్ల మీద నడుస్తోంది. కొలరాడో రాష్ట్రం 2023లో రైతులకు వ్యవసాయ మిషన్ల రిపేర్ హక్కు కల్పిస్తూ చట్టం చేసింది. 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జాన్ డీర్ కంపెనీ రిపేర్‌ను తన గుప్పిట్లో పెట్టుకుందని ఆరోపిస్తూ కోర్టుకెక్కింది. అక్కడ గొడవ సాఫ్ట్‌వేర్ తాళాల గురించి. మన దగ్గర గొడవ ఇంకా బుష్, బేరింగ్ దగ్గరే ఉంది. సమస్య చిన్నది కాబట్టి పరిష్కారం కూడా మన చేతికి అందేదే.

మనదేశంలోనూ ఒక పాఠం ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్‌లకు స్పేర్ పార్ట్స్, రిపేర్ సమాచారం అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. కేసు ఆ తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. కానీ 'పార్టు బయట అమ్మకపోవడం కూడా పోటీని దెబ్బతీయడమే' అన్న మాట అప్పుడే రికార్డుకెక్కింది.

కొత్తదానికి 5.. రిపేర్‌కు 18!

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. దున్నే, కలుపు తీసే, గడ్డి కోసే మిషన్లు, వాటి భాగాలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ వెనక టైర్లు, ట్యూబులపై 18 నుంచి 5కు వచ్చింది. రైతుకు మంచి వార్తే.

కానీ పవర్ వీడర్ చక్రంలో ఉండే మామూలు బాల్ బేరింగ్‌పై పన్ను 18 శాతం. చిన్న మిషన్లకు సరిపోయే ఆటో టైరు 28 నుంచి దిగినా 18 దగ్గరే ఉంది. అంటే కంపెనీ పేరుతో వచ్చే చక్రం సెట్టుకు తక్కువ పన్ను, దాన్ని బాగు చేసే ముడిసరుకుకు ఎక్కువ పన్ను. బేరింగ్ పరిశ్రమలోనూ వాడతారు కాబట్టి దానికి వేరే రేటు పెట్టడం కష్టమని అధికారులు అనొచ్చు. ఆ మాటలో నిజముంది. కానీ ఫలితం మాత్రం 'పారేసి కొత్తది కొను' వైపే మొగ్గుతోంది.

సబ్సిడీ కూడా అంతే. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద మిషన్ కొనడానికి సాధారణంగా 40 నుంచి 50 శాతం దాకా సాయం ఉంటుంది. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఎక్కువ వాటా. కిరాయి కేంద్రాలు పెట్టడానికీ సాయం ఉంది. రైతు తన పాత మిషన్‌కు బేరింగ్ మార్చుకుంటానంటే మాత్రం ఒక్క రూపాయి దారి లేదు. మిషన్ ఇచ్చిన కంపెనీ జిల్లాలో విడి భాగాలు ఎన్నేళ్లు ఉంచుతుందన్న ప్రశ్న కూడా రైతే అడుక్కోవాలి.

ఇంట్లోనే బాగు చేయొచ్చా? ముందు రోగం కనిపెట్టండి

అరిగిన చక్రమంటే ఒకే జబ్బు కాదు. నాలుగు రకాలుంటాయి. మిషన్ ఆపి, చక్రాన్ని చేత్తో పట్టుకుని పక్కకు ఊపండి. తర్వాత తిప్పి చూడండి.

- పక్కకు ఊగుతోంది, కానీ శబ్దం లేదు: మధ్య రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బుష్ వేస్తే సరి.
- తిప్పితే గరగర శబ్దం: బేరింగ్ పోయింది.
- చక్రం బాగానే తిరుగుతోంది, కానీ నేల మీద జారుతోంది: పైన గాట్లు అరిగిపోయాయి.
- ఇంజిన్ తిప్పుతోంది, చక్రం తిరగట్లేదు: లోపలి పళ్లు అరిగాయి, లేదంటే హబ్ పిన్ తెగింది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క రూల్ తప్పనిసరి. పెట్రోల్ మిషన్ అయితే స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీసేయండి. చక్రం తిప్పినప్పుడు బ్లేడు తిరిగి వేళ్లు తెగే ప్రమాదం ఉంది. మిషన్‌ను పక్కకు వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచండి. లేకపోతే ఆయిల్ అందులోకి దిగి స్టార్టింగ్ ప్రాబ్లం వస్తుంది.

బుష్ వేయడం ఇలా..

గడ్డి మిషన్ల ప్లాస్టిక్ చక్రాల్లో చాలావాటికి బేరింగ్ ఉండదు. ప్లాస్టిక్ రంధ్రం నేరుగా ఇనుప బోల్టు మీదే తిరుగుతుంది. అక్కడే ఇసుక దూరి రంధ్రం సాగుతుంది.

ఉదాహరణకు మీ ఇరుసు మందం 12 మిల్లీమీటర్లు, అరిగిన రంధ్రం ఒక వైపు 14 దాకా సాగింది అనుకుందాం. ఆ రంధ్రాన్ని గుండ్రంగా 16కు పెంచాలి. బయట 16, లోపల 12 కొలత ఉన్న నైలాన్ లేదా ఇత్తడి బుష్‌ను బిగుతుగా దించాలి. చేతి డ్రిల్లుతో చేస్తే రంధ్రం వంకర పోయే ఛాన్స్ ఎక్కువ. లేత్ మిషన్ షాపులో ఇస్తే నిటారుగా వస్తుంది. రెండు పక్కలా వాషర్లు వేసి, చక్రం ఫ్రీగా తిరిగేంత సందు ఉంచి నట్టు బిగించాలి.

ఇక్కడ రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. ఒకటి, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో ప్లాస్టిక్‌లో రంధ్రం పెంచడం. కరిగిన ప్లాస్టిక్ గట్టిపడి తర్వాత పెళుసుగా మారి పగులుతుంది. రెండు, ఇరుసు కూడా అరిగిందా లేదా చూడకుండా బుష్ మాత్రమే వేయడం. ఇరుసుకు గాడి పడితే దాన్ని కూడా మార్చాలి, లేదంటే నెలలోనే మళ్లీ అదే కథ.

గ్రీజు విషయంలోనూ జాగ్రత్త. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టడం మన తాతల నాటి నుంచి తెలిసిన పనే. కానీ సీలు లేని నైలాన్ బుష్‌కు దండిగా గ్రీజు పూస్తే ఇసుక దానికే అంటుకుని ఇంకా రుద్దుతుంది. అలాంటి చోట తుడిచి, పొడిగా ఉంచడమే మేలు. ఇత్తడి బుష్ అయితే కొద్దిగా గ్రీజు పెట్టి, తరచూ పాతది తుడిచి కొత్తది వేయాలి.

బేరింగ్ నంబరే గుట్టు

బేరింగ్ పోయిందంటే భయపడాల్సిన పనిలేదు. దాని పక్క మీద నంబరు ఉంటుంది. 6201, 6202, 6203 లాంటివి. ఇవి ఏ కంపెనీ సొంత సైజులూ కాదు, ప్రపంచమంతా ఒకే కొలత. 6201 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, 6202 అంటే 15, 6203 అంటే 17. బయటి కొలతలు వరుసగా 32, 35, 40.

నంబరు చెప్తే బైక్ స్పేర్ పార్ట్స్ షాపులో, మోటార్ వైండింగ్ చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు, జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత. దుమ్ము, బురదలో తిరిగే చక్రానికి రబ్బరు సీలు ఉన్నదే అడగండి. పాత బేరింగ్‌ను కొట్టి తీసేటప్పుడు, కొత్తదాన్ని దించేటప్పుడు బయటి రింగు మీదే సమంగా దెబ్బ పడాలి. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ మొదటి రోజే పోతుంది.

గాట్లు పోతే.. పాత సైకిల్ టైరు

గట్టి ప్లాస్టిక్ చక్రం పైన గాట్లు అరిగితే పాత సైకిల్ టైరు నడిమి పట్టీ కోసి చుట్టేయొచ్చు. చక్రం అంచుకు చిన్న బోల్టులతో బిగించి, బోల్టు తలలు రబ్బరులోకి మునిగేలా చూడాలి. ఒక షరతు.. రెండు పక్కలా ఒకేసారి, ఒకే మందంతో చేయాలి. ఒక చక్రం పెద్దదై ఇంకోటి చిన్నదైతే మిషన్ ఒక పక్కకు లాగుతుంది, గడ్డి కూడా ఎగుడుదిగుడుగా తెగుతుంది.

పవర్ వీడర్లలో చాలావాటికి గాలి టైర్లుంటాయి. వాటిలో 4.00-8 సైజు బాగా వాడుకలో ఉంది. ఇది మన ఆటోలకు వాడే సైజే! ట్యూబు కోసం ఊరు దాటాల్సిన పనిలేదు. కాకపోతే ఆటో టైరుకు రోడ్డు గాట్లు ఉంటాయి. పొలంలో, ముఖ్యంగా తడి రేగడిలో పట్టు తక్కువ. మిషన్‌ను పొలం దాకా నడిపించుకు వెళ్లడానికి, పొడి చెల్కలో అత్యవసరానికి సరే కానీ, దుక్కికి లోతైన గాట్ల టైరే కావాలి. పొలం టైరు బిగించేటప్పుడు దాని పక్క మీద ఉన్న బాణం గుర్తు చూడండి. తిరగేసి బిగిస్తే పట్టు దొరకదు.

హబ్ పిన్ రంధ్రం సాగిపోతే లావు బోల్టు దింపడం, ఏకంగా హబ్‌ను షాఫ్టుకు వెల్డింగ్ కొట్టేయడం మన దగ్గర మామూలే. వద్దు! తర్వాత ఆయిల్ సీలు మార్చాలన్నా చక్రం ఊడదు. హబ్ ఆరు పలకలది అయితే పక్క పలకల్లో కొత్త రంధ్రం వేయిస్తే పాత హబ్‌తోనే పని జరుగుతుంది.

ఇక్కడ మాత్రం ఆగండి

అన్నీ ఇంట్లో చేయొద్దు. రిమ్ పగిలితే అతుకులు పెట్టొద్దు, మార్చాల్సిందే. బోల్టులతో కలిపిన రెండు ముక్కల రిమ్‌ను విప్పేముందు టైరులో గాలి పూర్తిగా తీయాలి. గాలి ఉండగా బోల్టు వదులు చేస్తే రిమ్ ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. పెట్రోల్ ట్యాంకు ఉన్న మిషన్ మీద వెల్డింగ్ చేయొద్దు, చక్రం ఊడదీసి దూరంగా తీసుకెళ్లండి. వారంటీ ఉన్న మిషన్ అయితే ముందు కంపెనీ సర్వీసుకే వెళ్లండి. బిల్లు, జాబ్ కార్డు దాచుకోండి. సర్వీసు ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

కంపెనీల వాదనలో నిజమెంత?

'బయటి రిపేర్ వల్ల ప్రమాదాలు జరుగుతాయి, నకిలీ పార్టులు పెరుగుతాయి' అని కంపెనీలు అంటుంటాయి. బ్లేడు, బ్రేకు, గార్డు లాంటి భాగాల విషయంలో ఈ వాదనకు బలముంది. తక్కువ రకం బ్లేడు విరిగి ఎగిరితే ప్రాణాల మీదికి వస్తుంది.

కానీ చక్రం? ఇరుసు మందం, బేరింగ్ నంబరు, టైరు సైజు.. ఈ మూడు ముక్కలు మాన్యువల్‌లో తెలుగులో అచ్చేస్తే కంపెనీకి పోయేదేం లేదు. పైగా రైతు తప్పు సైజు పార్టు బిగించడం తగ్గుతుంది. సమాచారం దాచినచోటే జుగాడ్ పెరుగుతుంది. భద్రత కోసం అంటున్నవాళ్లే ముందు కొలతలు బయటపెట్టాలి.

ఇంకో కోణం కూడా ఉంది. రిపేర్ అంటే ఊళ్లో పని. కొత్త చక్రం సెట్టు కొంటే డబ్బు ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి పోతుంది. బుష్ వేయిస్తే అది మన లేత్ షాపుకు, వెల్డర్‌కు, సైకిల్ మెకానిక్‌కు చేరుతుంది. వలసలకు పేరుపడ్డ పాలమూరులో ఊళ్లోనే దొరికే పనికి ఉన్న విలువ వేరే చెప్పాలా?

ఏం చేస్తే బాగుపడుతుంది?

ఇందులో కొన్ని ఢిల్లీలో తేలాలి. చాలావరకు జిల్లాలోనే తేలిపోతాయి.

1. రిపేరబిలిటీ ఇండెక్స్‌ను వ్యవసాయ పరికరాలకూ తేవాలి. 2022లో ఇచ్చిన మాటే ఇది. మార్కుల్లో విడి భాగం ధరను కూడా చేర్చాలి.

2. సబ్సిడీ జాబితాలో చేరే ప్రతి కంపెనీకి ఒక షరతు పెట్టాలి. చక్రాలు, బేరింగ్‌లు, బెల్టులు లాంటి త్వరగా అరిగే భాగాలు సీజన్‌లో జిల్లా కేంద్రంలోనే దొరకాలి. వాటి ధరల పట్టిక రైతుకు ముందే చేతికివ్వాలి.

3. తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి. మే నెలలో, తొలకరికి ముందే అక్కడ రిపేర్ మేళాలు పెట్టొచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం, వనపర్తి జిల్లా మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. విత్తనంపై సలహా ఇచ్చినట్టే మిషన్‌పైనా ఇవ్వొచ్చు. సరిహద్దు దాటితే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రం నడిపే వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. మన మెకానిక్‌లను అక్కడికి పంపడం పెద్ద పనేం కాదు.

4. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోటిక్స్, సీఎన్‌సీ నేర్పడం మంచిదే. దాంతో పాటు ఊళ్లో రోజూ కనిపించే పవర్ వీడర్, స్ప్రేయర్, గడ్డి మిషన్ విప్పి బిగించడం కూడా నేర్పితే సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే పని దొరుకుతుంది. వనపర్తి రాజభవనంలో దశాబ్దాలుగా నడుస్తున్న పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? కంపెనీ చక్రాల కొలతల పట్టిక తయారుచేసి ప్రతి లేత్ షాపులో అంటిస్తే చాలు.

5. మున్సిపాలిటీలు, కలెక్టరేట్లు గడ్డి మిషన్లు కొనేటప్పుడు టెండర్‌లో ఒక లైను చేర్చాలి. 'చక్రంలో మార్చగలిగే బుష్ లేదా బేరింగ్ ఉండాలి, దాని కొలత మాన్యువల్‌లో ఉండాలి' అని. పెద్ద కొనుగోలుదారు అడిగితే కంపెనీ డిజైన్ మారుతుంది. ఒక్కో రైతు అడిగితే ఎవరూ వినరు.

2019 నుంచి రాష్ట్రంలో 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో గ్రామీణ ఆవిష్కరణలను ఏటా గుర్తిస్తున్నారు. పాత సైకిల్ చక్రంతో గుంటక చేసుకున్న రైతులు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నారు. చేయగల చేతులకు కొదవలేదు. కావాల్సింది కొలతలు చెప్పే కాగితం, దొరికే బేరింగ్, నేర్పే మనిషి.

ఈలోగా మీరు చేయగలిగిందేంటి?

వానాకాలం పనులు మొదలవ్వకముందే మిషన్ బయటికి తీయండి. చక్రాలు ఊపి చూడండి. బేరింగ్ నంబరు, ఇరుసు కొలత, టైరు సైజు ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. పని అయ్యాక ప్రతిసారీ ఇరుసు దగ్గర చేరిన మట్టి, గడ్డి పీకేయండి. అయితే ప్రెషర్ నీళ్లు నేరుగా బేరింగ్ మీద కొట్టొద్దు.

కొత్త మిషన్ కొనేవాళ్లు హార్స్ పవర్, మైలేజీతో పాటు డీలర్‌ను ఇంకో ప్రశ్న అడగండి. "ఈ చక్రం విడిగా దొరుకుతదా? రేటెంత?" అని. సమాధానం బిల్లు వెనక రాయించుకోండి. రాసివ్వడానికి డీలర్ వెనకాడితే, ఆ మిషన్ కొనాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.